కథాసాహిత్యంలో అక్కచెల్లెళ్లు

పాఠ్యభాగ ఉద్దేశం

స్త్రీలు రచించిన కథలకు, నవలలకు కుటుంబం, ప్రేమ, వివాహం ప్రధాన వస్తువులు. ఇటువంటి రచనలను కాలక్షేపం కోసం చదివి మరచిపోవడం ఒక అలవాటు. చదవకుండానే వాటిని తేలికగా చూడడం మరొక అలవాటు. ఈ రెండింటికీ భిన్నంగా, వాటిని వివేకంతో చదివే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

1. ఇల్లే రంగస్థలం

చారిత్రక కావ్యానికి యుద్ధం ఎటువంటిదో, కుటుంబ నవలకు పెళ్లి అటువంటిది. యుద్ధంలో రాజ్యాల బలాబలాలు బయటపడినట్లే పెళ్లి మాటలలో ఒక ఇంటి బలాబలాలు బయటపడతాయి. ఆస్తి, కులం, చదువు, పరువు, ప్రేమ అన్నీ ఆ ఒక్క నిర్ణయం దగ్గర కలుసుకొంటాయి. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాట చెల్లదు అన్న విషయం అప్పుడే స్పష్టమవుతుంది. అందుచేత పెళ్లి చుట్టూ అల్లిన నవలను చిన్న విషయానికి సంబంధించినదిగా భావించడం పొరపాటు.

ఇటువంటి రచనలలో అక్కచెల్లెళ్ల పాత్రలు తరచుగా కనిపించడానికి ఒక కారణం ఉంది. విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు ప్రాంతం మామిడి తోటలకు ప్రసిద్ధి. ఒకే తల్లిచెట్టు కొమ్మలతో అంటుకట్టిన రెండు మొక్కలను రెండు చోట్ల నాటితే, ఒకటి ఏపుగా పెరిగి కాపుకు రావచ్చు. మరొకటి గిడసబారిపోవచ్చు. అప్పుడు రైతు మొక్క జాతిని నిందించడు. నేలను, నీటిని, ఎండను పరీక్షిస్తాడు. అక్కచెల్లెళ్ల కథ కూడా ఇదే పని చేస్తుంది. ఒకే తల్లిదండ్రులకు పుట్టి, ఒకే కంచంలో తిని పెరిగిన ఇద్దరి జీవితాలు వేరువేరు దారులు పట్టినప్పుడు, ఆ భేదానికి కారణాన్ని వారి స్వభావంలోనే కాక పరిస్థితులలోనూ, వారి గురించి ఇతరులు తీసుకొన్న నిర్ణయాలలోనూ వెదకవలసి వస్తుంది.

2. ఈ ప్రాంతపు రచయిత్రులు

2022 వరకు కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న విస్సన్నపేట, ఆ సంవత్సరం ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పూర్వపు కృష్ణా జిల్లా తెలుగు నవలకు ఇద్దరు సుప్రసిద్ధ రచయిత్రులను అందించింది. వారిలో మాలతీ చందూర్ విస్సన్నపేటకు సమీపంలోని నూజివీడులో జన్మించారు. యద్దనపూడి సులోచనారాణి మొవ్వ మండలంలోని కాజ గ్రామంలో జన్మించారు.

మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నిర్వహించి పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు ఇచ్చారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికన ఆంగ్ల నవలలను తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. ఆంగ్లం రాని గృహిణి సైతం ప్రపంచ నవలల కథలను తన ఇంట్లో కూర్చొని తెలుసుకొనే అవకాశం ఆ విధంగా కలిగింది. ఆమె నవల 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆమె 2013లో మరణించారు.

సులోచనారాణి నవలలు అసంఖ్యాక పాఠకులను ఆకట్టుకొన్నాయి. వాటిలో 'మీనా', 'జీవన తరంగాలు' 1973లోనూ, 'సెక్రటరీ' 1976లోనూ చలనచిత్రాలుగా వెలువడినాయి. ఆమె 2018లో మరణించారు.

3. ధారావాహికల కాలం

1960, 1970 దశకాలలో తెలుగు నవలారంగంలో రచయిత్రులదే పైచేయి. వార, మాసపత్రికలు వారి నవలలను ధారావాహికలుగా ప్రచురించేవి. ఒక భాగం ముగిసిన చోట కొత్త సందేహం మొదలయ్యేది. దాని సమాధానం కోసం పాఠకులు తరువాతి సంచిక వచ్చేవరకు ఎదురుచూసేవారు. ఇంటికి వచ్చిన ఒకే పత్రికను అత్త, కోడలు, ఆడబిడ్డ, ఇరుగుపొరుగు వారు వంతుల వారీగా చదువుకొనేవారు. కొందరు తమకు నచ్చిన ధారావాహిక పుటలను కత్తిరించి, కుట్టి, దాచుకొనేవారు. అద్దెకు పుస్తకాలు ఇచ్చే దుకాణాలు వీధివీధినా వెలిశాయి. స్త్రీల పేర్లకు ఉన్న ఆదరణను గమనించి కొందరు పురుషులు కూడా స్త్రీల పేర్లతో రచనలు చేశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాయడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ నవలలపై విమర్శ కూడా తీవ్రంగానే వచ్చింది. ఆరడుగుల అందగాడు, కారు, మేడ, చివరకు కల్యాణం అనే కలల లోకాన్ని చూపి ఇవి ఆడపిల్లలను భ్రమలో ముంచుతున్నాయని విమర్శకులు ఆక్షేపించారు. ఈ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. సంపన్నుడైన నాయకుడు వచ్చి కష్టాలు తీరుస్తాడన్న ఆశ, తన కష్టాన్ని తానే తీర్చుకోవాలన్న పట్టుదలను బలహీనపరచవచ్చు.

అయితే అదే 'సెక్రటరీ' నవలను మరొక వైపు నుంచి చూడాలి. నాయిక జయంతి బతుకుతెరువు కోసం ఉద్యోగంలో చేరుతుంది. యజమాని రాజశేఖరం ధనవంతుడైనా అతని ముందు ఆమె తన ఆత్మాభిమానాన్ని తాకట్టు పెట్టదు. మధ్యతరగతి ఆడపిల్లలు అప్పుడప్పుడే కార్యాలయాలలో అడుగుపెడుతున్న కాలమది. ఆ పిల్లలకు జయంతి ప్రేమకథానాయికగా మాత్రమే కాక, జీతం తీసుకొనే స్త్రీగా కూడా కనిపించింది. కలను చూపిన నవలే ఒక కొత్త వాస్తవాన్ని కూడా చూపింది.

సులోచనారాణి కంటె ముందే డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' నవలలో ఇందిర అనే సాహసోపేతమైన పాత్రను సృష్టించారు. తండ్రి భారాన్ని తానే మోస్తూ ఉద్యోగం చేసే ఇందిర, ఇతరుల మెప్పు కోసం తన ఇష్టాలను చంపుకోదు. ఆమెను పూర్తిగా మెచ్చుకోలేము, పూర్తిగా తప్పుపట్టనూ లేము. పాఠకుడిని ఇటువంటి సందిగ్ధంలో నిలపడం ఉత్తమ నవల లక్షణం. ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' చలనచిత్రం వచ్చింది.

4. తొట్టిలోని చెట్టు

అక్కచెల్లెళ్ల సంబంధాన్ని సూక్ష్మంగా చిత్రించిన కథలలో అబ్బూరి ఛాయాదేవి రచించిన 'బోన్‌సాయ్ బ్రతుకు' ప్రముఖమైనది. చదువు మధ్యలోనే ఆగిపోయి, పెళ్లి చేసుకొని పల్లెలో కాపురం ఉంటున్న అక్క, పట్నంలో ఉన్న చెల్లెలి ఇంటికి వస్తుంది. చెల్లెలు పెద్ద చదువు చదివి ఉద్యోగం చేస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో తొట్టెలలో ముచ్చటగా పెంచిన బోన్‌సాయ్ మొక్కలు అక్క కంట పడతాయి. మహావృక్షం కావలసిన దానిని కొమ్మలు, వేళ్లు కత్తిరిస్తూ చిన్న తొట్టిలో బంధించడం ఆమె మనసును కలచివేస్తుంది. బయట స్వేచ్ఛగా పెరిగిన చెట్టు గాలివానకు నిలిచి, ఇతరులకు నీడనిస్తుంది. తొట్టిలోని చెట్టును మాత్రం గాలివాన వస్తే లోపల పెట్టి కాపాడవలసి వస్తుంది. ఆ రెండు చెట్లలో అక్క ఆడవారి బతుకును, మగవారి బతుకును దర్శిస్తుంది.

ఈ కథలోని విశేషాన్ని గమనించాలి. జీవితసత్యాన్ని కనుగొన్నది చదువుకొన్న చెల్లెలు కాదు, చదువు దక్కని అక్క. బోన్‌సాయ్‌ని అలంకారంగా చూసిన చెల్లెలికి దానిలోని బాధ తట్టలేదు. కోల్పోయినవారికే కోల్పోయినదాని విలువ తెలుస్తుందని కథ సూచిస్తుంది. అక్కకు చెల్లెలిపై అసూయ లేదు. తనకు దక్కనిది చెల్లెలికి దక్కిందన్న తృప్తి, తనకెందుకు దక్కలేదన్న ప్రశ్న రెండూ ఆమెలో కలిసి ఉన్నాయి. ఈ రెండు భావాలు కలిసి ఉండడమే అక్కచెల్లెళ్ల ప్రేమలోని ప్రత్యేకత. ఛాయాదేవి 'తన మార్గం' కథాసంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

5. ఆస్తి, చట్టం, కథ

ప్రేమకథలకు, ఆస్తికి సంబంధమేమిటన్న సందేహం కలగవచ్చు. ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో బెన్నెట్ దంపతులకు అయిదుగురు కుమార్తెలు. తండ్రి ఎస్టేటు పురుష వారసుడికే చెందాలన్న నిబంధన ఉండడం వలన ఆయన తరువాత అది దూరపు బంధువు వశమవుతుంది. ఆ ఆడపిల్లలకు పెళ్లి తప్ప వేరొక ఆధారం కనిపించదు. ఆ నవలలోని ప్రేమ, హాస్యం, తల్లి ఆరాటం అన్నింటి వెనుక ఈ నిబంధనే ఉంది.

మన రాష్ట్రంలో కూడా చట్టం ఒకప్పుడు అక్కను, చెల్లెలిని వేరు చేసింది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో పాటు కుమార్తెలకు సమాన హక్కు కల్పించింది. ఇది గొప్ప ముందడుగు. కాని ఆ తేదీకి ముందే పెళ్లయిన కుమార్తెలకు అది వర్తించలేదు. 1984లో పెళ్లయిన అక్కకు లేని హక్కు, 1987లో పెళ్లయిన చెల్లెలికి ఉన్నదన్నమాట. 2005లో కేంద్రం చేసిన సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా కుమార్తెలకు ఈ హక్కును ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి లేకపోయినా కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చట్టం తేదీని చెబుతుంది. ఆ తేదీకి అటూ ఇటూ నిలిచిన ఇద్దరు తోబుట్టువులు పండుగనాడు ఒకే పంక్తిలో కూర్చొని భోజనం చేస్తున్నప్పుడు వారి మనసులలో ఏముంటుందో చెప్పగలిగినది కథ మాత్రమే.

6. సీత, ఊర్మిళ

అక్కచెల్లెళ్ల కథ మనకు ఆధునిక కాలంలో పుట్టినది కాదు. వనవాసానికి లక్ష్మణుడు వెళ్లిపోగా ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిందని చెప్పే 'ఊర్మిళాదేవి నిద్ర' పాటను తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకొన్నారు. ఆ పాటలో పట్టాభిషేకం తరువాత ఊర్మిళను గుర్తుచేసి, లక్ష్మణుడిని ఆమె వద్దకు పంపమని రాముడిని కోరేది సీతే. కొలువంతా మరచిన చెల్లెలిని అక్క మరువలేదు.

ఓల్గా తన 'విముక్త' కథలో ఈ సంబంధాన్ని కొత్త కోణం నుంచి చూపారు. ఈ కథలో ఊర్మిళ నిద్రపోలేదు. తలుపులు మూసుకొని, ఏకాంతంలో తన బాధను, తనపై ఇతరులకున్న అధికారాన్ని గూర్చి సత్యాన్వేషణ చేసింది. అడవి నుంచి తిరిగి వచ్చిన సీతకు ఆమె ఆ ఎరుకను పంచుతుంది. చెల్లెలు అక్కకు మార్గదర్శి అవుతుంది. 'విముక్త' కథాసంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పాత పాటలో చెల్లెలి కాపురం కోసం అక్క నోరు విప్పింది. కొత్త కథలో అక్క స్వేచ్ఛ కోసం చెల్లెలు నోరు విప్పింది. ఈ రెండింటి నడుమ స్త్రీల ఆలోచన నడిచిన దూరం కనిపిస్తుంది.

7. చదివే తీరు

కుటుంబ నవలను చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మేలు. మొదటిది, ఆ ఇంట్లో నిర్ణయం ఎవరిది? రెండవది, సంపాదన ఎవరిది, ఖర్చు చేసే అధికారం ఎవరిది? మూడవది, అక్కకు జరిగినదానికి, చెల్లెలికి జరిగినదానికి భేదం ఎందుకు కలిగింది? నాలుగవది, కథ పెళ్లితో ముగిస్తే ఏ సమస్య నిజంగా తీరింది, ఏది తీరకుండా మిగిలిపోయింది?

ఈ ప్రశ్నలు వేసుకొన్నంత మాత్రాన చదువులోని ఆనందం తగ్గదు. నాయికానాయకులు కలుసుకోవాలని కోరుకొంటూనే, ఆ కలయికకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారో ఆలోచించవచ్చు. జనాదరణ పొందిన నవలను నీచంగానూ, పురస్కారం పొందిన నవలను ఉన్నతంగానూ ముందే నిర్ణయించుకోకూడదు. ఏ రచనకైనా ఈ ప్రశ్నలే కొలబద్దలు.

పూర్వం ఒకప్పుడు నవల చదివే ఆడపిల్లను చెడిపోతుందని మందలించిన ఇళ్లు ఉండేవి. ఆ మందలింపు వెనుక ఉన్న భయం పుస్తకం గురించి కాదు, పుస్తకం ముగిసిన తరువాత ఆమె అడగబోయే ప్రశ్న గురించి. ఈ కథలను నేడు అక్కచెల్లెళ్లతో పాటు అన్నదమ్ములు కూడా చదవాలి. తన చదువు సాగి, అక్క చదువు ఎందుకు ఆగిందో ఏ తమ్ముడు ఆలోచించగలుగుతాడో, ఆ తమ్ముడికి ఆ కథ నిజంగా అర్థమైనట్లు.

అభ్యాసం

1. అక్కచెల్లెళ్ల పాత్రల ద్వారా రచయిత్రులు ఏ విషయాన్ని స్పష్టం చేయగలుగుతారు? మామిడి మొక్కల ఉపమానం ఆధారంగా వివరించండి.
2. 'సెక్రటరీ' నవలపై వచ్చిన ఆక్షేపణను, దానికి ఈ పాఠంలో ఇచ్చిన సమాధానాన్ని చర్చించండి.
3. 'బోన్‌సాయ్ బ్రతుకు' కథలో సత్యాన్ని అక్క గ్రహించడంలోని ఔచిత్యం ఏమిటి?
4. 1986, 2005 సవరణల మధ్య భేదాన్ని సంగ్రహంగా రాయండి.
5. మీ ఇంట్లోని పెద్దవారు యౌవనంలో చదివిన ఒక నవల గురించి అడిగి తెలుసుకొని, పాఠంలోని నాలుగు ప్రశ్నల ఆధారంగా ఒక పుటకు మించకుండా రాయండి.