కొల్లేటి మ్యాపులో కూలీ ఎక్కడ?

కొల్లేరు ఎంత పెద్దది? ఒక్కో కాగితం ఒక్కో జవాబు చెబుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన జి.ఓ. ప్రకారం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకెక్కినప్పుడు 901. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞుల లెక్కలో 245. సరస్సు ఒకటే, కొలతలు మూడు!

ఇందులో మాయేమీ లేదు. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలాంటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసే నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. అడుగు చదునుగా ఉంది కనుక నీరు కాస్త పెరిగినా ఎంతో నేల మునుగుతుంది. అందుకే సర్కారు సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున గీత గీసింది. జనం దాన్నే ‘ఐదో కాంటూరు’ అంటారు.

2001 చిత్రంలో సరస్సు లోపల 1,050 చేపల చెరువులు తేలాయి. నూటికి 42 వంతుల నేల చెరువులపాలే! అయితే పైనుంచి చూసే కంటికి గట్టు కనబడుతుంది గాని, గట్టు వెనకనున్న ఆసామి కనబడడు. మత్స్యకారుల సహకార సంఘాల పేర ఇచ్చిన నేల, లీజుల ముసుగులో ఎవరి చేతిలో పడిందో ఏ మ్యాపూ చెప్పదు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలపై గట్లు కొట్టేశారు. డబ్బున్నవాడు ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు. మేత చల్లేవాడికీ, వల లాగేవాడికీ పని పోయింది. 2008లో శాసనసభ గీతను మూడో కాంటూరుకు దించమని తీర్మానించింది. కేంద్రం వేసిన నిపుణుల సంఘం వద్దంది. దించితే పేదకు నాలుగు సెంట్లు దక్కవచ్చు. కాని అదే సందున వందల ఎకరాలు మింగేవాడూ ఉన్నాడు. పైగా నీటికి చోటు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు చేరవలసింది కొల్లేటికే గదా!

కనుక మనం గీత ఎక్కడని మాత్రమే అడిగి ఊరుకోరాదు. గీత లోపల జిరాయితీ ఎంత, డి-పట్టా ఎంత, బినామీ ఎంత? ఊరూరా సభ పెట్టి పేర్లతో సహా చదవాలి. నేల పోయే పేదకు పరిహారం, పని పోయే కూలీకి బతుకుతెరువు ముందే తేల్చాలి. వలవేసి బతికే వడ్డివారి హక్కు కాగితంపై రావాలి.

సర్వేకు వచ్చినప్పుడు గొలుసు మోసేది మన కూలీయే. మోసి ఊరుకుంటే చాలదు. ఆ లెక్క చదవడం కూడా మనమే నేర్వాలి.