గూఢచారి శబ్దము – ఒక చలనచిత్రము

గూఢముగాఁ జరించు శీలము గలవాఁడు గూఢచారి. ఇది యుపపదసమాసము, పాణినీయమున (3-2-78) విధింపఁబడిన ణిని ప్రత్యయ మిందుఁ దాచ్ఛీల్యమును దెలుపును. ఒకమాఱు దాఁగినవాఁడు గాక, దాఁగుటయే స్వభావముగాఁ గలవాఁ డని తాత్పర్యము.

1966లో వెలువడిన ‘గూఢచారి 116’ అను తెనుఁగు చలనచిత్రమున కీ యర్థ మెంతవఱకు సరిపడునో విచారింతము. దర్శకుఁడు ఎం. మల్లికార్జునరావు, నాయకుఁడు కృష్ణ. 1962 నాఁటి ‘డాక్టర్ నో’ మొదలుగా జేమ్సుబాండు చిత్రములు వేసిన యొరవడియే యిదియు. ఒక చారుఁడు హతుఁ డగును. వేఱొకఁడు నియుక్తుఁ డగును. పిదపఁ గన్యాసమాగమము, శత్రుస్థానప్రవేశము, యుద్ధము, విజయము. క్రమ మెల్లరకుఁ దెలిసినదే. ఐనను జనులు విసుగలేదు. 1967లోనే యిది ‘ఫర్జ్’ అను పేర హిందీలోఁ బునర్నిర్మిత మయ్యెను. మూస దోషము గాదు. యక్షగానమును సైతము కథ నెఱిఁగియే చూతుము.

లోపము వేఱొకచోట నున్నది. కౌటిల్యుఁడు చెప్పిన గూఢపురుషులలోఁ గాపటికుఁడు, ఉదాస్థితుఁడు, గృహపతికుఁడు, వైదేహకుఁడు, తాపసుఁడు అను నేవురును వేషముచేఁ దమ్ము మఱుఁగుపఱచుకొందురు. తీక్ష్ణుఁ డన్ననో ప్రాణములకు వెఱవక తెగించువాఁడు. మన చిత్రనాయకుఁడు తీక్ష్ణుఁడే. ఆటపాటలతోఁ బదుగురి కన్నులఁ బడువానియందుఁ దాచ్ఛీల్య మెక్కడిది? తెగువ కంటికి విందు, నిగ్రహము బుద్ధికి విందు. ఇందు మొదటిదే సమృద్ధిగా నున్నది.

ఐనను బోధకుల కిది యుపకారకమే. పాణిని నెఱుఁగని మా రాజంపేట బాలుఁడును గూఢచారి చిత్రముల నెఱుఁగును. ‘వీఁడు నిజముగా గూఢచారి యగునా?’ యని ప్రశ్నించినచోఁ బ్రత్యయార్థము వాని మనస్సున నాటుకొనును.