ఇంట పులిస్తే ఆచారం, సంతకెక్కితే నేరం

అస్సాంలోని దిమా హసావ్ కొండలలో నివసించే దిమాసా గిరిజనులు తరతరాలుగా ఇళ్లలో తయారుచేసుకుంటున్న 'జుదిమా' అనే బియ్యపు పానీయానికి 2021 సెప్టెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈశాన్య రాష్ట్రాల సంప్రదాయ మద్యాలలో ఈ గౌరవం దక్కిన మొదటిది ఇదే. చెన్నైలోని రిజిస్ట్రీలో డార్జిలింగ్ తేయాకు, పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డూల సరసన దాని పేరు చేరింది. 2024లో బోడోలు తయారుచేసే మూడు పానీయాలకు కూడా ఇదే గుర్తింపు వచ్చింది.

అస్సాం నుంచి జార్ఖండ్ వరకు, సిక్కిం నుంచి ఒడిశా వరకు లక్షలాది గిరిజన కుటుంబాలకు బియ్యపు కల్లు, రాగి కల్లు నిత్యజీవితంలో భాగం. పెళ్లి, చావు, పండుగ, పొలం పని - ఏదీ అది లేనిదే సాగదు. తయారీ దాదాపుగా మహిళల చేతిలోనే ఉంది. తమ ఇంటి అవసరానికి ఒక కుండ పులియబెట్టుకునే గిరిజన మహిళను ఎక్సైజ్ శాఖ సాధారణంగా పట్టించుకోదు. అదే కుండను నెత్తిన పెట్టుకుని సంతకు బయలుదేరితే మాత్రం లైసెన్సు లేని మద్యం విక్రయం కింద ఆమె నిందితురాలవుతుంది. ఒకే వస్తువును ఒకచోట వారసత్వ సంపదగాను, మరొకచోట నేరంగాను చూసే ఈ వైఖరి వల్ల నష్టపోతున్నది ఎవరన్నదే ప్రశ్న.

తోడు బిళ్లలో రహస్యం

తాటి కల్లు, ఈత కల్లు ఎరిగిన తెలుగువారికి బియ్యపు కల్లు తయారీ కొంత వింతగా తోచవచ్చు. తాటి గెలల నుంచి కారే నీరాలో చక్కెర ముందే ఉంటుంది. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్ట్ దానిని కొద్ది గంటలలోనే కల్లుగా మార్చివేస్తుంది. గీత కార్మికుడు ప్రత్యేకంగా కలపవలసినదేమీ లేదు. బియ్యంలో ఉన్నది పిండిపదార్థం. ఈస్ట్ దానిని నేరుగా ఆరగించలేదు. ముందుగా పిండి చక్కెరగా మారాలి, ఆ చక్కెర తరువాత మద్యంగా మారాలి.

ఐరోపా దేశాలవారు ఈ చిక్కును బార్లీ గింజలను మొలకెత్తించి పరిష్కరించుకున్నారు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా విడగొడతాయి. బీరు తయారీకి అదే మూలం. ఆసియా వాసులు వేరే దారి పట్టారు. వారు బూజును పనిలోకి దించారు. కొన్ని జాతుల బూజులు, ఈస్టులు కలిసి జీవించే చిన్న బిళ్లలను బియ్యప్పిండితో చేసి, ఎండబెట్టి దాచుకుంటారు. అన్నంలో ఈ పొడి కలిపితే బూజు పిండిని చక్కెరగా మారుస్తుంది, ఈస్ట్ వెంటనే దానిని అందుకుని పులియబెడుతుంది. రెండు పనులూ ఒకే కుండలో ఏకకాలంలో సాగుతాయి. పాలలో వేసే తోడు వంటిదే ఇది కూడా. కాకపోతే నెలల తరబడి ఎండిన స్థితిలో నిలవ ఉంటుంది.

ఈ బిళ్లకు ప్రాంతానికొక పేరు. దిమాసాలు 'హుమావ్' అంటారు. మిసింగ్ తెగవారికి అది 'అపోప్', జార్ఖండ్ గిరిజనులకు 'రాను', సిక్కిం, నేపాల్ ప్రాంతాలలో 'మర్చా'. బియ్యప్పిండిలో కలిపే ఆకులు, వేళ్లు, బెరడులు ఊరూరికీ మారతాయి. కొన్ని తెగలవారు పదుల సంఖ్యలో మూలికలు చేరుస్తారు. ఏ ఆకు ఎంత వేయాలన్నది తల్లి కూతురికి, అత్త కోడలికి చెప్పే విద్య. పాత బిళ్లల పొడిని కొత్త బిళ్లలపై చల్లడం ద్వారా అవే సూక్ష్మజీవులు తరం నుంచి తరానికి కొనసాగుతాయి. సిక్కింకు చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త జ్యోతిప్రకాశ్ తమాంగ్ హిమాలయ ప్రాంతపు పులియబెట్టిన ఆహారాలపై దీర్ఘకాలం పరిశోధనలు సాగించారు. ప్రయోగశాల అనే మాట వినని గృహిణులు బూజులను, ఈస్టులను ఏరి, పెంచి, కాపాడుకుంటూ వచ్చిన తీరు ఇటువంటి అధ్యయనాల ద్వారానే బయటి ప్రపంచానికి తెలిసింది.

జుదిమా ప్రత్యేకత దాని బెరడులో ఉంది. తుమ్మ జాతికి చెందిన 'థెంబ్రా' అనే ముళ్ల తీగ బెరడును బియ్యంతో కలిపి దంచి హుమావ్ తయారుచేస్తారు. స్థానికంగా పండే జిగురు బియ్యాన్ని వండి, ఆరబెట్టి, దానిలో హుమావ్ పొడి కలిపి మూసి ఉంచుతారు. సుమారు వారం రోజులకు తియ్యని పానీయం సిద్ధమవుతుంది. చాలా బియ్యపు పానీయాలు కొద్ది రోజులకే పుల్లబడి పాడవుతాయి. జుదిమాను మాత్రం ఏళ్ల తరబడి నిలవ చేయవచ్చునని చెబుతారు. 'జు' అంటే పానీయం, 'దిమా' అంటే దిమాసాలది. పంట చేతికి వచ్చాక జరుపుకునే 'బుషు' పండుగలో ఇది ఉండి తీరాలి.

బ్రహ్మపుత్ర తీరవాసులైన మిసింగ్‌లు తమ 'అపోంగ్'ను రెండు విధాలుగా చేస్తారు. ఒకటి తెల్లగా ఉండే 'నొగిన్'. రెండవదానికి ఊకను, గడ్డిని కాల్చి, ఆ బూడిదను అన్నంలో కలుపుతారు. పానీయం నల్లగా, పొగవాసనతో ఉంటుంది. సిక్కింలో బియ్యానికి బదులు రాగులు వాడతారు. పులిసిన రాగులను వెదురు పాత్రలో నింపి, వేడినీరు పోసి, సన్నని వెదురు గొట్టంతో పీల్చుతారు. నీరు అయిపోతే మళ్లీ పోస్తారు. చలిగాలిలో ఒక్క పాత్రతో సాయంత్రమంతా గడిచిపోతుంది. లడఖ్‌లో ఇదే విధమైన 'ఛాంగ్'ను బార్లీతో చేస్తారు.

రాజ్యాంగంలో ఒక మినహాయింపు

మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఎక్సైజ్ సుంకం రాష్ట్రాల ప్రధాన ఆదాయ వనరులలో ఒకటి. మరోవైపు, మత్తు పానీయాల నిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం రాష్ట్రాలను ఆదేశిస్తోంది. ఆదాయం, ఆదేశం - ఈ రెండింటి నడుమ నలిగే శాసనాలలో గిరిజనుల కుండకు చోటు దొరకడమే విశేషం. బ్రిటిష్ కాలపు 1909 బెంగాల్ చట్టం, 1915 బిహార్-ఒరిస్సా చట్టం పులిసిన బియ్యం, చిరుధాన్యాల నుంచి వచ్చే పానీయానికి 'పచ్వాయ్' అని పేరు పెట్టి వేరుగా నిర్వచించాయి. సొంత వాడకానికి దానిని చేసుకునే తెగలకు సడలింపులు ఇచ్చే పద్ధతి ఆనాటి నుంచీ ఉంది. 1970 దశకం మధ్యలో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు కూడా గిరిజన ప్రాంతాలలో వ్యాపార మద్యం దుకాణాలను తొలగించాలని, సంప్రదాయ పానీయాలను ఇంటి అవసరానికి అనుమతించాలని సూచించాయి.

అంతకంటె ఆసక్తికరమైనది రాజ్యాంగం ఆరవ షెడ్యూలులోని 12వ పేరా. బట్టీ పట్టని మద్యం సేవనాన్ని నిషేధించే లేదా నియంత్రించే అస్సాం శాసనసభ చట్టమేదైనా స్వయంపాలిత జిల్లాలకు, అక్కడి జిల్లా మండలి కోరితే తప్ప, వర్తించదని అది చెబుతోంది. దిమా హసావ్ అటువంటి జిల్లాయే. పులియబెట్టడం వేరు, బట్టీ పట్టడం వేరు అని రాజ్యాంగ నిర్మాతలు గుర్తించారన్న మాట. అయితే ఈ రక్షణ సేవించడానికే పరిమితం. సీసాలలో నింపి గువాహటిలోనో, ఢిల్లీలోనో అమ్మాలంటే ఎక్సైజ్ అనుమతులు తప్పవు.

అయిదవ షెడ్యూలులోని జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాలకు ఈ కవచం లేదు. అక్కడ 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం మత్తు పదార్థాల నిషేధం, నియంత్రణ అధికారాలను గ్రామసభకు లేదా తగిన స్థాయి పంచాయతీకి కల్పించవలసిందిగా రాష్ట్రాలను కోరింది. మన ఏజెన్సీలోని జీలుగు కల్లు పులిసినదే. ఇప్పసారా మాత్రం బట్టీ పట్టినది.

ఇంట్లో బీరు చేసుకోవడం ఇతర దేశాలలోనూ ఒకప్పుడు వివాదమే. బ్రిటన్ 1963లో లైసెన్సు నిబంధనను ఎత్తివేసింది. అమెరికా 1978లో చట్టం చేసి, ఒక ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సుంకం లేకుండా అనుమతించింది. అక్కడా అమ్మకానికి వీలులేదు. కాని అక్కడ అది సెలవురోజు సరదా. ఇక్కడ ఆ కుండ మీద పొయ్యి వెలిగే ఇళ్లున్నాయి.

చంపుతున్నది ఏది?

2019 ఫిబ్రవరిలో అస్సాంలోని గోలాఘాట్, జోర్హాట్ జిల్లాలలో కల్తీసారా తాగి 150 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు తేయాకు తోటల కూలీలు. 2022 డిసెంబరులో మద్యనిషేధం అమలులో ఉన్న బిహార్‌లోని సారణ్ జిల్లాలో, 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో ఇటువంటి ఘోరాలే జరిగాయి. ప్రతి దుర్ఘటన తరువాత పోలీసులు 'నాటు మద్యం'పై విరుచుకుపడతారు. ఆ వేటలో అన్నపు కుండలు కూడా పగులుతాయి.

ఈ మరణాలకు మూలం మిథనాల్. పరిశ్రమలలో వాడే ఈ విషద్రావకం చవకగా దొరుకుతుంది. మత్తు పెంచేందుకు అక్రమ వ్యాపారులు దానిని సారాలో కలుపుతారు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటిచూపును, తరువాత ప్రాణాలను హరిస్తుంది. పండ్లలోని పెక్టిన్ నుంచి పుట్టే మిథనాల్ బియ్యపు పులుపులో నామమాత్రమే. మద్యం సుమారు 15 శాతానికి చేరితే ఈస్ట్ నిలువలేదు కనుక కుండ దానంతటదే ఒక హద్దు వద్ద ఆగిపోతుంది.

అంతమాత్రాన ఇంటి పానీయం నిరపాయకరమని చెప్పడానికి లేదు. గిరాకీ పెరిగిన చోట కల్తీ చేరుతుంది. 2025 జూలైలో హైదరాబాద్‌లో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయిన ఉదంతం తెలిసిందే. మితిమీరిన తాగుడు ఏ రూపంలోనైనా సంసారాలను కూలుస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై సాగించిన పోరాటం 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసిన సంగతి తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ ఉద్యమం కాంట్రాక్టర్ల సారాపై సాగినది. తయారీదారు కూడా మహిళే అయిన చోట సమస్య అంత సూటిగా ఉండదు.

రుణమా, కుండా?

జార్ఖండ్‌లో అదే కనిపిస్తుంది. సర్హుల్ పండుగనాడు పూజారి దేవతలకు, పితరులకు అర్పించే 'హండియా'నే ఆ రాష్ట్రపు సంతలలో మహిళలు దొప్పలలో పోసి అమ్ముతారు. ఈ వృత్తి మానుకున్నవారికి ప్రత్యామ్నాయ ఉపాధి చూపేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2020లో 'ఫూలో-ఝానో ఆశీర్వాద్' పథకాన్ని ప్రారంభించి, వడ్డీ లేకుండా 10,000 రూపాయల రుణం ప్రకటించింది. ఉద్దేశం మంచిదే. కాని అస్సాం దీనికి పూర్తిగా భిన్నమైన దారిలో నడుస్తోంది. ఆహోంల బియ్యపు పానీయం 'సాజ్' ఎక్కువ కాలం నిలిచేలా జోర్హాట్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పద్ధతిని రూపొందించగా, అది సీసాలలో మార్కెట్‌కు వచ్చింది. ఒక రాష్ట్రం మానుకొమ్మంటున్న వృత్తిని మరో రాష్ట్రం పరిశ్రమగా మలుస్తోంది.

పరిశ్రమ లాభం కుండ పట్టిన చేతులకు చేరుతుందా అన్నది వేరే సంగతి. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. ఇతరులు ఆ పేరుతో అమ్మకుండా అడ్డుకుంటుంది. లైసెన్సు రుసుము, సీసాల యంత్రం, పన్నుల లెక్కలు - వీటిని అది భరించదు. కర్మాగారం పెట్టగలవాడు పెట్టుకుంటాడు. 2009లోనే గుర్తింపు పొందిన గోవా జీడిమామిడి ఫెనీకి లైసెన్సు గల బట్టీదారులు ముందునుంచే ఉన్నారు. హండియా అమ్మే మహిళకు అటువంటి అంగబలం లేదు. చిన్న మొత్తపు రుసుముతో, పరిమాణానికి హద్దు విధించి, సంతలో అమ్ముకునేందుకు ఆమెకు పేరుమీద అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంటే కల్తీపై తనిఖీకీ వీలుంటుంది. దాచి అమ్మే సరుకును ఏ అధికారీ పరీక్షించలేడు.

ప్రస్తుతానికి ఆమె లెక్క ఆమెకుంది. రుణంతో కొన్న మేక పెరిగి అమ్మకానికి రావడానికి నెలలు పడుతుంది. కొద్ది కిలోల బియ్యం, గుప్పెడు రాను బిళ్లలతో చేసిన హండియా మూడు నాలుగు రోజులలో పులుస్తుంది, సంత ముగిసే వేళకు డబ్బు కొంగున ముడిపడుతుంది.