వాచీ పట్టీని మోసేది స్ప్రింగు కాదు

వాచీ ఎంత ఖరీదైనదైనా, దాన్ని మణికట్టు మీద నిలిపేది కొద్ది రూపాయల స్ప్రింగ్ పిన్నే. తాతగారి హెచ్ఎంటీకి కొత్త పట్టీ వేయించేవాళ్లు తోలు రంగు చూస్తారు, కుట్టు చూస్తారు. పిన్నును మాత్రం ఎవరూ చూడరు.

ఆ పిన్ను ఒక సన్నని స్టీలు గొట్టం. లోపల చిన్న స్ప్రింగు, చివర్లలో నొక్కితే లోపలికి పోయే మొనలు ఉంటాయి. వాచీ కొమ్ముల లోపలి వైపు ఉండే గుంటల్లోకి స్ప్రింగు ఈ మొనలను నెడుతుంది. దాని పని అంతవరకే. పట్టీని లాగినప్పుడు ఆ బలం పిన్నుకు అడ్డంగా, మొనలను కోసేసే దిశలో పడుతుంది. తలుపు గడియలోనూ ఇంతే. గడియను తోసే చెయ్యి వేరు, తలుపును ఆపే ఇనుము వేరు.

ఆ ఇనుము బలహీనమైనదేమీ కాదు. మొన మందం 0.8 మి.మీ. అనుకుంటే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 0.5 చదరపు మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు కోత బలాన్ని తక్కువలో తక్కువగా చదరపు మి.మీ.కు 300 న్యూటన్లుగా తీసుకున్నా ఒక్కో మొన 150 న్యూటన్లు, అంటే దాదాపు 15 కిలోల బరువును ఆపగలదు. రెండూ కలిస్తే 30 కిలోలు. వాచీ బరువు అందులో చాలా చిన్న భాగమే. కాబట్టి మంచి పిన్ను మామూలు వాడకంలో తెగదు. గుంటలోంచి జారుతుంది, లేదా తుప్పుకు లొంగుతుంది.

జారడానికి ముఖ్య కారణం కొలత తప్పడం. 18 మి.మీ. పిన్ను పూర్తిగా చాచుకుంటే అంతకన్నా కాస్త పొడవే ఉంటుంది. అందువల్ల కొమ్ముల మధ్య 20 మి.మీ. ఎడం ఉన్నా ఎలాగో నిలబడుతుంది. కానీ మొన గుంట అంచును తాకుతుందంతే. చెయ్యి దేనికైనా తగిలితే చాలు, ఊడివస్తుంది.

తుప్పు సంగతి వేరు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది పైనున్న పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. చెమటలోని క్లోరైడ్ ఆ పొరను దెబ్బతీస్తుంది. పొర మళ్లీ ఏర్పడాలంటే ఆక్సిజన్ కావాలి. పట్టీ చెవి లోపల, గుంటల్లో మురికి పేరుకుంటే అది సరిగా అందదు. ఉక్కపోసే కోస్తా ఊళ్లలో పిన్నులను తరచు చూసుకోవాలనేది ఇందుకే.

బిగించే ముందు కొమ్ముల మధ్య ఎడాన్ని స్కేలుతో కొలవండి. పిన్నును పట్టీలోకి దూర్చి, ఒక మొనను గుంటలో పెట్టి, రెండోదాన్ని చీలిక మొన ఉన్న పనిముట్టుతో నొక్కి లోపలికి జరపండి. ఈ పని పారదర్శకమైన సంచిలో చేస్తే మంచిది, ఎగిరిపోయిన పిన్ను కోసం మంచం కింద వెతుక్కోనక్కర్లేదు. 'టిక్' మన్నా నమ్మేయకండి. పట్టీని గట్టిగా లాగండి, అటూ ఇటూ మెలితిప్పండి. సగమే కూర్చున్న మొన అప్పుడే బయటపడుతుంది. పట్టీ మార్చినప్పుడల్లా పిన్నులూ మార్చేయడం మేలు.

ఇంకా భయముంటే నాటో పట్టీ ఉంది. పేరు అలా ఉన్నా, దాని ప్రమాణాన్ని 1973లో రాసింది బ్రిటన్ రక్షణ శాఖ. ఒకే నైలాన్ పట్టీ రెండు పిన్నుల కిందుగా సాగుతుంది. ఒక పిన్ను ఊడినా వాచీ రెండోదానికి వేలాడుతూ చేతికే ఉంటుంది.