మబ్బులో బీరువా

2015 డిసెంబరులో చెన్నై నగరాన్ని వరద ముంచెత్తింది. నీరు చేరిన ఇళ్లలో ఎందరివో చదువు పట్టాలు, ఇంటి దస్తావేజులు తడిసి పాడైపోయాయి. పోయిన పత్రాలకు నకలు ప్రతులు ఇచ్చేందుకు ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలు నడిపింది.

బీరువాలోని కాగితానికి నీటి భయం, నిప్పు భయం, చెదల భయం ఉన్నాయి. చేతిలోని సెల్‌ఫోను కూడా పగలవచ్చు, పోవచ్చు. మరి మన పత్రాలను, ఫోటోలను ఎక్కడ దాచాలి? దీనికి ఒక జవాబు క్లౌడ్ సేవ. క్లౌడ్ అంటే మబ్బు. పేరు మబ్బే కాని, సమాచారం ఉండేది ఆకాశంలో కాదు; దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్ కేంద్రాలలో. ఫోను ఇంటర్నెట్ ద్వారా దానిని అక్కడికి పంపుతుంది, అడిగినప్పుడు తిరిగి తెస్తుంది.

ప్రజలను ఈ సేవల వైపు నడిపించే మొదటి కారణం, ఉన్నది పోతుందేమోనన్న భయం. రెండవది సౌకర్యం. ఒక రాష్ట్రంలో చదివి మరొక రాష్ట్రంలో కళాశాలలో చేరే విద్యార్థి తన మార్కుల పట్టికను ఫోనులోనే చూపగలడు. మూడవది నమ్మకం. భారత ప్రభుత్వం 2015లో డిజిలాకర్‌ను ప్రారంభించింది. ప్రభుత్వ సంస్థలు అందులో జారీ చేసే పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంటుందని 2017లో నిబంధన చేశారు. మనమే ఫోటో తీసి ఎక్కించిన ప్రతికి మాత్రం ఆ విలువ లేదు.

అయితే ఈ బీరువాకు పాస్‌వర్డే తాళంచెవి. దానిని ఇతరులకు చెబితే తలుపు తెరిచి పెట్టినట్లే. వరద నుండి కాపాడే బీరువా మన అజాగ్రత్త నుండి కాపాడలేదు కదా!