హిసాబు నేర్చిన గిటారు మనిషి

2025 మే 17న మన ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్ మైదానంలో గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికా బృందం కచేరీ చేసింది. లోయర్ పరేల్ చాళ్ల నుంచి నడిచిపోయే దూరమే. ఆ స్టేజీ మీద బేస్ గిటారు వాయించిన పొడుగు మనిషి పేరు డఫ్ మెక్‌కేగన్. అప్పటికి ఆయనకు అరవై ఒక్క ఏండ్లు. ఆ పాటలు మన చెవికి ఎక్కకపోవచ్చు గాని, ఆయన బతుకు మాత్రం మన మిల్లు ఇండ్లల్ల అందరికీ అర్థమయ్యేదే.

డఫ్ 1964లో సియాటిల్ పట్నంలో పుట్టిండు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరోడు. తండ్రి ఫైర్ బ్రిగేడ్‌లో పని చేసెటోడు. బేస్ వాయించుడు అన్న దగ్గర నేర్చుకున్నడు. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఇరవై ఏండ్ల వయసులో బతుకుదెరువుకు లాస్ ఏంజెలిస్ పోయి ఒక హోటల్లో పనికి కుదిరిండు. బేస్ వాయించెటోడు కావాలని పేపర్లో ప్రకటన చూసి పోతే అక్కడ స్లాష్, స్టీవెన్ ఆడ్లర్ అనే ఇద్దరు పిల్లగాండ్లు దొరికిన్రు. 1985లో యాక్సెల్ రోజ్, ఇజ్జీ స్ట్రాడ్లిన్ కూడా కలిసి గన్స్ ఎన్ రోజెస్ తయారైంది.

అప్పట్లో ఆ పట్నంలోని సన్‌సెట్ స్ట్రిప్ అనే వీధి నిండ గ్లామ్ మెటల్ బృందాలే. మగోళ్లు జుట్టు పైకి లేపి, బిగుతు తోలు ప్యాంట్లు తొడిగి, చిందు భాగోతం వేషగాళ్ల లెక్క మొహానికి రంగేసుకొని పెద్ద చప్పుడుతో వాయించేది. వీళ్లు కూడా ఆ వీధి నుంచే పైకొచ్చిన్రు. కాకపోతే వీళ్ల పాట ఇంకొంచెం మోటు.

బేస్ అంటే ఏందో మన భాషలో చెప్త. మామూలు బేస్‌కు నాలుగు లావు తీగెలుంటయి, గొంతు మంద్రంగా ఉంటది. బట్టలో రంగుల పేక అందరికీ కనపడ్తది. పడుగును ఎవరూ మెచ్చుకోరు, కాని పడుగు తెగితే సాంచ ఆగిపోతది. పాటలో బేస్ పని అసొంటిదే.

1987లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ ఎనభై లక్షల కాపీలు దాటింది. పైసలు వచ్చినయి, పేరు వచ్చింది, దాంతోపాటు తాగుడూ పెరిగింది. డఫ్‌కు చిన్నప్పటి నుంచే ఉన్నట్టుండి భయం పట్టి గుండె దడదడలాడే జబ్బు ఉండేది. దాన్ని అణచడానికి తాగిండు. 1991 నుంచి 1993 దాక దేశాలు తిరిగిన కచేరీల్లో తాగుడు ఇంకా ముదిరింది. తర్వాత వోడ్కా విడిచి వైన్ పట్టిండు. అదీ రోజుకు పది సీసాల దాక పోయింది. సీసా మీద పేరు మారితే తాగుడు పోయినట్టు కాదు. ఈ ముచ్చట మన బస్తీలో ఎన్ని ఇండ్లకు తెల్వదు?

1994 మే నెలలో, ముప్పై ఏండ్ల వయసుకే, ఆయన క్లోమం వాచి పగిలింది. క్లోమం కడుపు వెనక ఉంటది, అన్నం అరిగించే రసం తయారుచేస్తది. అది పగిల్తే ఆ రసమే లోపలి అవయవాలను కాల్చేస్తది. మళ్లా తాగితే బతకవని డాక్టర్లు తేల్చి చెప్పిన్రు. పార్కిన్సన్ జబ్బుతో చక్రాల కుర్చీలో ఉన్న తల్లి ఆస్పత్రికి వచ్చి కొడుకు పక్కన ఏడ్చింది. తల్లిని తాను చూసుకోవాల్సిన వయసులో, తననే తల్లి చూసుకోవాల్సి వచ్చిందని ఆయనకు అక్కడ తలకెక్కింది. తాగుడు బంద్ చేసిండు. సైకిలు తొక్కిండు, కిక్ బాక్సింగ్ సాధన చేసిండు.

అదే కాలంలో బృందం లెక్కల కాగితాలు ఆయన చేతికొచ్చినయి. అంత సంపాదించినా ఆ కాగితాల్లో ఏమున్నదో ఒక్క ముక్క అర్థం కాలె. ఇంకొకడైతే మూసి పక్కన పెట్టేటోడు. ఈయన కాలేజీకి పోయి, తనకన్న చిన్న పిల్లల నడుమ కూసొని హిసాబు మొదటి నుంచి నేర్చుకున్నడు. తర్వాత సియాటిల్ యూనివర్సిటీలో వ్యాపార చదువు చదివిండు. అది పూర్తి కాకముందే వెల్వెట్ రివాల్వర్ అనే కొత్త బృందం మొదలైంది. 2004లో దాని మొదటి ఆల్బమ్ అమెరికాలో ఒకటో నంబరుకు పోయింది. 2011లో పాటగాళ్ల పైసలకు దారి చూపే కంపెనీ పెట్టిండు. 2016లో పాత బృందంలో మళ్లా చేరిండు.

నేను చదివింది నాలుగో తరగతి. మా ఖాతాలో పగారు చిట్టీ మీద ఈ కోత ఎందుకు పడ్డదని అడిగే ధైర్యం ఇద్దరు ముగ్గురికే ఉండేది. మిల్లులు మూతపడ్డంక చేతికొచ్చిన కాగితాలను చానామంది ట్రంకుపెట్టెలో దాచిన్రే గాని చదివించుకోలె. కొందరి పైసలు తాగుడుకే పోయినయి. కోట్లు సంపాదించినోనికే హిసాబు తెల్వకపోతే, అడిగి నేర్చుకోవడానికి మనకెందుకు సిగ్గు? పీఎఫ్ కాగితం గాని, ఇండ్ల ఫారం గాని, బ్యాంకు పాస్‌బుక్ గాని, మనుమరాలిని పక్కన కూసోబెట్టుకొని ఒక్కొక్క గడి చదివించుకోండ్రి. అర్థం కాకుంటే మళ్లా అడగండ్రి. అర్థమైనంకనే సంతకం పెట్టండ్రి.