ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే చోట మనిషి భద్రత

గోదాములలో సరుకును ఎత్తి పేర్చే ఫోర్క్‌లిఫ్ట్ సాధారణంగా వెనుక చక్రాలతో మలుపు తిరుగుతుంది కనుక, దాని వెనుక భాగం విసురుగా పక్కకు వచ్చి, దగ్గరలో నిలబడిన హమాలీని గోడకు అదిమివేయగలదు. ముందు చక్రాలు రెండింటినీ, వెనుక ఇరుసు మధ్య బిందువునూ కలిపే ఊహారేఖల ఆకృతిని స్థిరత్వ త్రిభుజం అంటారు. బండి, బరువుల ఉమ్మడి గరిమనాభి, అంటే మొత్తం భారం కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు, ఆ త్రిభుజాన్ని దాటితే బండి ఒరిగిపోతుంది. బండికి బిగించిన రేకుపై 2,500 కిలోలు, 500 మిల్లీమీటర్లు అని ఉంటే, బరువు కేంద్రం ఫోర్కుల మొదలు నుంచి అంతకంటే దూరం జరిగేకొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుందని గ్రహించాలి.

అందువల్ల సరుకును నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తులో, కొద్దిగా వెనుకకు వంచి, వాలు మీద బరువు ఎగువ వైపు ఉండేలా నడపాలి. బండి ఒరిగేటప్పుడు బయటికి దూకినవారు పైకప్పు చట్రం కింద నలిగిపోయే ప్రమాదం ఉన్నందున, కూర్చుని నడిపే బండిలో డ్రైవరు సీటు బెల్టుతో, స్టీరింగును గట్టిగా పట్టుకొని, ఒరుగుతున్న దిశకు వ్యతిరేక దిశలో వాలి లోపలే ఉండాలి. నడిచేవారు పసుపు గీతల బాటను విడువరాదు, ఎత్తిన ఫోర్కుల కింద నిలవరాదు, డ్రైవరు తమను చూసి సైగ చేసేవరకు దారి దాటరాదు. సరుకు ఆలస్యమైతే సరిదిద్దుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని మాత్రం ఏ యజమానీ తిరిగి ఇవ్వలేడు.